ఇంట్లో పాటకు చోటు



మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా రాసి ఇవ్వమని కార్యదర్శి గారు అడిగినప్పుడు ముందు వెనుకాడాను. 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో రిటైరయ్యేదాకా ముప్పై ఆరేళ్లు రెవెన్యూ శాఖలో ఫైళ్లు మోసిన గుమాస్తాను. రాజుల కథలు రాసేటంత చదువు నాకు లేదు. అయితే ఇంటింటికీ ఒక చరిత్ర ఉంటుంది. మా ఇంట్లో మూడు తరాలుగా నడిచి, రెండేళ్ల క్రితం డిస్పోజయిన ఫైలు ఒకటి ఉన్నది. పాట వినిపించే పెట్టెను ఇంట్లో ఎక్కడ పెట్టాలన్నదే ఆ ఫైలులోని విషయం. చిన్న విషయమే గదా అని మీరనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ధాన్యం గదిలో గ్రామఫోను

మా పెదనాన్నగారికి తాళం తిప్పే గ్రామఫోను ఉండేది. నాకు ఊహ తెలిసేనాటికే అది పాతది. మన దేశంలో పాటను యంత్రంలోకి ఎక్కించడం 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గారి గానంతో ఊపందుకుంది. 1908 నాటికి అక్కడే రికార్డులు అచ్చువేసే కర్మాగారం వచ్చింది. తరువాత దమ్ దమ్ కర్మాగారం నుంచి కుక్కబొమ్మ రికార్డులు దేశమంతటికీ వెళ్లేవి. మన ప్రాంతంలో నాటక పద్యాలకు గిరాకీ. కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యాలు రికార్డుల మీద విని కంఠతా పట్టినవారు పాత తరంలో చాలామంది ఉండేవారు.

ఆ రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు పలికేది. ముల్లు ఉక్కుది, వైపు వైపుకీ మార్చాలి. యంత్రం పెట్టిన బల్ల సమంగా లేకపోతే ముల్లు జారుతుంది. ఎవరైనా గట్టిగా అడుగు వేస్తే ఎగిరి పక్క గాడిలో పడుతుంది. అందుచేత దానిని మనుషులు తిరిగే మండువాలో కాక, బండపరుపు నేల ఉన్న ధాన్యం గదిలో పెట్టేవారు. గదిలో మూడు వైపులా బస్తాలు. మేము పిల్లలం ఆ బస్తాల మీద ఎక్కి కూర్చుని వినేవాళ్లం. ఆ గదిలో పద్యం ఎంత స్పష్టంగా వినిపించేదంటే, రాగాలాపనలో ఊపిరి తీసుకోవడం కూడా తెలిసేది. అదే యంత్రాన్ని ఒక పెళ్లికి పక్క ఊరి కొత్త డాబాలో పెడితే గోల తప్ప మాట వినపడలేదు. యంత్రం పాడైందని పెదనాన్నగారు దిగులుపడ్డారు. ఇంటికి తెచ్చి బస్తాల మధ్య పెట్టగానే మళ్లీ బాగయింది. అందరూ దిష్టి తగిలిందన్నారు. అసలు కారణం నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. దాని సంగతి ముందు మనవి చేస్తాను.

వసారాలో రేడియో

మద్రాసులో ఔత్సాహికులు 1924లోనే ఒక రేడియో క్లబ్బు పెట్టి ప్రసారాలు చేశారు. డబ్బు చాలక అది ఆగిపోతే, 1930లో మద్రాసు కార్పొరేషను వారు ఆ పనిని చేపట్టారు. ఇళ్లలో సెట్లు అరుదు కనుక మెరీనా బీచిలోను, పార్కుల్లోను లౌడు స్పీకర్లు పెడితే జనం చేరి వినేవారట. హైదరాబాదులో నిజాం సర్కారు వారి దక్కన్ రేడియో 1935లో మొదలైంది. మన విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. అంటే రేడియో ముందు ఊరి వస్తువు, తరువాతే ఇంటి వస్తువు అయింది.

మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు టీచరు. మా ఊరికి కరెంటు వచ్చిన మరుసటి సంవత్సరం, 1959లో, ఒక వాల్వు సెట్టు కొన్నారు. దానిని ఎక్కడ పెట్టాలన్నది మా నాన్నగారూ నిర్ణయించలేదు, మా అమ్మా నిర్ణయించలేదు. ఏరియలే నిర్ణయించింది. ఇంటి కప్పు మీద రెండు వెదురు గడలు పాతి వాటి మధ్య రాగితీగ కట్టారు. ఆ తీగ కొస కిటికీలోంచి లోపలికి రావాలి. వెనుకవైపు నుంచి ఎర్తు తీగ బయటి గుంటలోకి పోవాలి. ఆ గుంట తడిగా ఉంటేనే స్టేషను బాగా పలుకుతుందని రోజూ చెంబుడు నీళ్లు పోయడం నా డ్యూటీ. ఇంట్లో ఉన్న ఒకే ఒక ప్లగ్గు పాయింటు వసారా పక్క గదిలో ఉంది. కిటికీ, ఎర్తు, ప్లగ్గు మూడూ కలిసే చోటు ఇల్లంతటికీ అదొక్కటే. రేడియో అక్కడికే వెళ్లింది.

అది సర్కారు వారి అనుమతి మీద ఉన్న వస్తువు కూడా. పోస్టాఫీసులో ఏటా రుసుం కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. (ఆ లైసెన్సులు 1980ల మధ్యలో పూర్తిగా రద్దయినవి.) లైసెన్సు నాన్నగారి పేరున ఉంది కనుక ముల్లు తిప్పే అధికారమూ వారిదే. ఉదయం భక్తిరంజని, తరువాత ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. వార్తల వేళకు వీధిలోని పెద్దలు వచ్చి వసారాలో బెంచీల మీద కూర్చునేవారు. మా అమ్మా, నాయనమ్మా, మేనత్తా తలుపు వెనుక నిలబడి వినేవారు.

మధ్యాహ్నం మగవాళ్లు ఎవరూ లేని వేళ స్త్రీల కార్యక్రమం వచ్చేది. అప్పుడు మా అమ్మ రేడియో ముందు కింద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ వినేది. స్విచ్చి వేయడం మాత్రం ఆమె నేర్చుకున్నది, ముల్లు తాకేది కాదు. నాన్నగారు ఉదయం సిలోను పెట్టి వదిలేసి వెళ్లిన రోజున మా అమ్మకు ఆ పూట కార్యక్రమం లేనట్లే. ఒకసారి నేను తిప్పి పెడతానంటే, "వద్దులేరా, మీ నాన్న వచ్చి చూసుకుంటారు" అన్నది. ఆ మాటను అప్పుడు నేను పట్టించుకోలేదు.

మేకుకు వేలాడిన ట్రాన్సిస్టరు

అమెరికాలో బెల్ ప్రయోగశాల వారు 1947లో ట్రాన్సిస్టరును కనిపెట్టారు. ఆ పేరుతో చేతిలో పట్టే రేడియో మన పల్లెలకు రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. వాల్వు వేడెక్కే దాకా ఆగనక్కరలేదు, ప్లగ్గు అక్కరలేదు, కప్పు మీద తీగ అక్కరలేదు. రేడియో మొదటిసారి గోడ నుంచి విడివడి మనిషి వెంట నడిచింది. పొలం గట్టుకు వెళ్లింది, సైకిలు హ్యాండిలుకు వేలాడింది, వంటింటి గూట్లో కూర్చున్నది.

దాని విలువ నాకు 1977లో తెలిసింది. ఆ నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నేను బందరులో పని చేస్తున్నాను. వేలాది మంది ప్రాణాలు పోయిన ఆ విపత్తు ఈ సంచిక పాఠకులకు చెప్పనక్కరలేదు, మనలో చాలామంది ఆ సహాయ కార్యక్రమాల డ్యూటీలు చేసినవారమే. కరెంటు స్తంభాలు నేలకొరిగాయి. ఇళ్లలో ఉన్న పెద్ద సెట్లన్నీ మూగవోయాయి. మేము బియ్యం పంపిణీ చేసిన బడి దగ్గర ఒక ట్రాన్సిస్టరును గుమ్మానికి మేకు కొట్టి తగిలించాము. లోపల ఉన్నవారికీ, బయట క్యూలో ఉన్నవారికీ వినపడే చోటు అదొక్కటే. ఏ రోడ్డు తెరిచారు, ఎక్కడికి సరుకు చేరింది అన్న వార్త కోసం అందరూ ఆ గుమ్మం వైపే చెవి పెట్టేవారు. ఆ రోజుల్లో మేము ఆ పెట్టెను పెట్టిన చోటు అవసరాన్ని బట్టి పెట్టినది. అందం చూడలేదు, హోదా చూడలేదు.

రెండు చెవుల విద్య

ఇక స్టీరియో సంగతి. ఒకే పెట్టెలోంచి వచ్చే శబ్దాన్ని మోనో అంటారు. మనకు రెండు చెవులున్నవి. ఎడమవైపు గంట మోగితే ఆ శబ్దం ఎడమ చెవికి ముందు, కుడి చెవికి తరువాత చేరుతుంది. ఈ తేడా ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువే. అంత చిన్న తేడాను కూడా మెదడు లెక్క కట్టి, గంట ఫలానా చోట ఉన్నదని చెబుతుంది. మన ట్రెజరీలో ఎంత గట్టి అకౌంటెంటూ ఇంత వేగంగా లెక్క తేల్చలేడు.

1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ అదేర్ అనే ఇంజనీరు సంగీత నాటకశాల వేదిక మీద మైకులు అమర్చి, టెలిఫోను తీగల మీద ఆ గానాన్ని ప్రదర్శనశాలకు రప్పించాడు. వినేవారికి రెండు చెవులకు రెండు రిసీవర్లు. గాయకులు వేదిక మీద అటూ ఇటూ నడుస్తుంటే ఆ కదలిక కూడా తెలిసిందని జనం ఆశ్చర్యపోయారు.

ఆ తరువాత యాభై ఏళ్లకు ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. కంపెనీ ఇంజనీరు అలన్ బ్లమ్లైన్ ఈ విద్యకు శాస్త్రం రాశాడు. భార్యతో సినిమాకు వెళ్లి, తెర మీద మనిషి ఒక పక్క ఉంటే గొంతు మరో చోటు నుంచి వస్తున్నదేమిటని విసుక్కుని, దీనికి మార్గం నేను చూస్తానన్నాడని చెబుతారు. 1931 డిసెంబరు 14న పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఒకే గాడిలో రెండు శబ్దాలను చెక్కే పద్ధతి కూడా అందులోనే ఉన్నది. ఆయన 1942లో ముప్పై ఎనిమిదేళ్లకే, విమానంలో రాడారు పరీక్షిస్తుండగా ఆ విమానం కూలి మరణించాడు. స్టీరియో రికార్డులు బజారులోకి వచ్చింది 1958లో. తన దరఖాస్తు మంజూరయినా దాని ఫలం అనుభవించకుండా పోయిన ఉద్యోగి కథలాగే ఉన్నది గదా!

1963లో ఫిలిప్స్ వారి క్యాసెట్టు వచ్చింది. మన ఊళ్లలో దాని రాజ్యం మాత్రం 1980లలోనే. గల్ఫు దేశాలకు వెళ్లిన మనవాళ్లు తెచ్చిన టూ-ఇన్-వన్‌లు వీధి కిటికీల్లో కనిపించేవి. 1986లో తెలుగులో తొలి 70 ఎం.ఎం. సినిమా "సింహాసనం" వచ్చినప్పుడు విజయవాడ వెళ్లి చూశాను. శబ్దం తెర ఈ చివర నుంచి ఆ చివరకు పోవడం విన్నాక, మా ఇంట్లోనూ స్టీరియో ఉండాలన్న కోరిక పట్టుకున్నది.

మా ఇంటి స్టీరియో

1987లో సంపాదిత సెలవు సరెండరు చేసిన డబ్బూ, చీటీ పాట డబ్బూ కలిపి ఒక సెట్టు చేయించాను. కంపెనీ సెట్టు కొనే తాహతు లేదు. బందరులో ఒక రేడియో మెకానిక్ యాంప్లిఫయరు, క్యాసెట్టు డెక్కు అసెంబుల్ చేసి ఇచ్చాడు. రెండు స్పీకరు పెట్టెలను వడ్రంగి చేత టేకు చెక్కతో చేయించాను.

మొదట రెండు పెట్టెలనూ షోకేసు మీద పక్కపక్కనే పెట్టాము. మధ్యలో పూలకుండీ. వచ్చినవారందరూ చూసి మెచ్చుకున్నారు. అడుగు దూరంలో రెండు పెట్టెలు పెడితే చెవికి అవి ఒక్క పెట్టె కిందే లెక్క అని నాకు అప్పట్లో తెలియదు. స్టీరియో ఖర్చు పెట్టి మోనో విన్నాము.

పక్కింటి మాస్టారు కరెంటు వస్తువు ఏదైనా ఆగ్నేయంలోనే ఉండాలన్నారు. మా ఇంట్లో ఆగ్నేయాన ఉన్నది వంటిల్లు. ఆయన మాట కోసం కాదు గాని, ఇంటిల్లిపాదికీ వినపడుతుందని ఒక పెట్టె హాల్లో ఉంచి, రెండో పెట్టెను తీగ పొడిగించి వంటింటి గుమ్మం పైన పెట్టాను. పాట పెడితే గొంతు రెండు చోట్లా వినిపించేది. హాల్లో తబలా, వంటింట్లో వీణ. మా వియ్యంకుడు గారు నవ్వి, "మీ ఇంట్లో వాద్యబృందానికి భాగపంపకాలు జరిగినట్లున్నాయి" అన్నారు. ఆరు నెలలు అలాగే నడిచింది.

ఒకరోజు మెకానిక్ వచ్చి చూసి నొచ్చుకున్నాడు. పెట్టెలు రెండూ ఒకే గదిలో, ఏడడుగుల ఎడంలో ఉండాలనీ, వినేవాడు రెండింటికీ సమానంగా ఏడడుగుల దూరంలో కూర్చోవాలనీ, మూడు భుజాలూ సమానమైన త్రిభుజం కుదిరితేనే స్టీరియో అనీ చెప్పాడు. పెట్టె పైభాగంలోని చిన్న స్పీకరు కూర్చున్న మనిషి చెవి ఎత్తున, అంటే మూడు, మూడున్నర అడుగుల ఎత్తున ఉండాలి. గోడకు ఆనించకూడదు. మూలన పెడితే గోడలు తోడై బొంగురు శబ్దం పెరుగుతుంది. తరువాత కలర్ టీవీ కొన్నప్పుడు మరొకటి నేర్చుకున్నాను. స్పీకరులోని అయస్కాంతం దగ్గరగా ఉంటే ఆనాటి పిక్చర్ ట్యూబు టీవీల తెర మీద ఊదా మరకలు పడేవి.

టేపుతో కొలిచి, సుద్దముక్కతో గచ్చు మీద మూడు గుర్తులు పెట్టాను. మూడో గుర్తు మీద నా పడక కుర్చీ. ఆ సాయంత్రం క్యాసెట్టు పెట్టి కళ్లు మూసుకుంటే పెట్టెలు మాయమై, గాయకుడు ఎదుట గోడ మధ్యన నిలబడి పాడినట్లు వినిపించింది. నా జన్మ తరించిందనుకున్నాను.

వంటింటి గుమ్మం మీది పెట్టె తీస్తున్నప్పుడు మా ఆవిడ, "తీసేస్తున్నారా?" అని అడిగింది. శాస్త్రం ప్రకారం అలా ఉండకూడదని చెప్పాను. "పోనీలెండి" అన్నది.

గది చేసే పని

ధాన్యం బస్తాల సంగతి చెబుతానన్నాను. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఒక కొత్త ఉపన్యాసశాల కట్టారు. అందులో మాట్లాడితే ఒక్కటీ అర్థమయ్యేది కాదు. 1895లో ఆ లోపం సరిచేయమని వాలెస్ సబైన్ అనే యువ ఉపాధ్యాయుడికి అప్పగించారు. ఆయన పక్క థియేటరులోని కుర్చీల దిండ్లు అరువు తెచ్చి, రాత్రి నిశ్శబ్దంలో పరచి, ఎన్ని దిండ్లు పరిస్తే శబ్దం ఎంత త్వరగా అణుగుతుందో లెక్క కట్టాడు. తెల్లారేసరికి దిండ్లు మళ్లీ యథాస్థానానికి చేర్చాలి. ఆ లెక్క ఆధారంగానే 1900లో బోస్టను నగరపు సంగీతశాల కట్టారు.

శబ్దం గట్టి గోడకు తగిలి తిరిగి వస్తుంది, మెత్తని వస్తువులో ఇంకిపోతుంది. మా పెదనాన్నగారి బస్తాలు సబైను గారి దిండ్ల పనే చేశాయి. మన పాత మండువా ఇళ్లలో శబ్దం ఆకాశంలోకి పోయేది. పెంకుటింట్లో బొంతలు, నవారు మంచాలు, చాపలు ఉండేవి. ఇప్పటి మన ఇళ్లలో సిమెంటు గోడ, శ్లాబు, నున్నటి టైల్సు. అందులో టీవీ ఎంత పెద్దగా పెట్టినా మాట తెలియడం లేదని మనలో చాలామంది అనుకుంటున్నాము. తప్పు సగం గదిది, సగం మన వయసుది. వయసుతో ముందుగా పోయేది సన్నని ధ్వనులు వినే శక్తి. స, శ, త, క వంటి హల్లులు తెలిసేది వాటివల్లనే. శబ్దం వినపడుతుంది, మాట తెలియదు.

ఫైలు డిస్పోజయిన విధం

2022లో, నా సుద్ద గుర్తు మీద కూర్చుంటే పాట ఎడమవైపుకు జరిగిపోయినట్లు అనిపించసాగింది. సెట్టు పాడైందని మెకానిక్ కొడుకును పిలిపించాను. తండ్రి పోయాక దుకాణం అతనే చూస్తున్నాడు. అంతకు ముందే ఒకసారి పాత కండెన్సర్లు మార్చి సెట్టును బతికించింది అతనే. అతను ఎడమ తీగను కుడి పెట్టెకు, కుడి తీగను ఎడమ పెట్టెకు మార్చి వినమన్నాడు. అప్పుడూ పాట ఎడమనే ఉన్నది. యాంప్లిఫయరులో లోపముంటే తీగలు మార్చగానే పాట కుడికి రావాలి. అతను కాసేపు తటపటాయించి, "బాబాయిగారూ, సెట్టు బాగానే ఉంది. ఒకసారి చెవి చూపించుకోండి" అన్నాడు. పరీక్ష చేయిస్తే కుడి చెవి చాలా వరకు పోయిందని తేలింది. స్టీరియోకు రెండు పెట్టెలుంటే చాలదు, రెండు చెవులు కూడా ఉండాలి.

మరుసటి సంవత్సరం మా ఆవిడ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయ్యాక నెలల తరబడి వెనుక గదిలో మంచం మీద ఉండవలసి వచ్చింది. ఒక సాయంత్రం నేను హాల్లో పాటలు పెట్టుకుని, ఆమెకూ వినపడాలని సౌండు పెంచాను. లోపలి నుంచి పిలిచింది. తగ్గించమన్నది.

"వినపడటం లేదేమోనని పెంచాను" అన్నాను.

"డోలు వినపడుతుంది లెండి. ముప్పై అయిదేళ్ల నుంచీ నాకు వినపడేది అదే" అన్నది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. "వంటింటి గుమ్మం మీద పెట్టె ఉన్నప్పుడు వీణ వినపడేది. తీసేశాక గోడ అవతల నుంచి దబదబమని మోత ఒక్కటే. పాటేదో నాకు దాన్నిబట్టే తెలుస్తుంది."

ఆమె చెప్పినది శాస్త్రం ప్రకారం అక్షరాలా నిజం. గోడ బొంగురు ధ్వనులను దాటనిస్తుంది, సన్నని ధ్వనులను ఆపేస్తుంది. మృదంగం గోడ దాటుతుంది, వీణ దాటదు. ఈ సూత్రం నాకు తెలుసు, నలుగురికీ చెప్పాను కూడా. ఆ గోడ అవతల ఎవరున్నారన్నది మాత్రం ఒక్కనాడూ ఆలోచించలేదు. త్రిభుజానికి మూడో మూల ఒకటే ఉంటుందనీ, ఆ మూలన ఒక కుర్చీయే పడుతుందనీ, ఆ కుర్చీ నాదనీ అంత నిశ్చింతగా ఎలా ఉన్నాను? మా నాన్నగారి రేడియో ముల్లు, మా అమ్మ "వద్దులేరా" అనడం గుర్తుకు వచ్చాయి. నాన్నగారికి ఏరియలు సాకు, నాకు శాస్త్రం సాకు.

మర్నాడు ఆ మంచం పక్కన కూర్చుని, పెళ్లయిన యాభై ఏళ్లకు మొదటిసారి అడిగాను, పెట్టెలు ఎక్కడ పెట్టమంటావని.

"మీ పెట్టె మీ కుర్చీ దగ్గర ఉంచుకోండి. నా పెట్టె నాకివ్వండి" అన్నది.

మెకానిక్ కొడుకు వచ్చి తీగ పొడిగించాడు. ఈసారి భాగపంపకాలు లేకుండా యాంప్లిఫయరు మీద మోనో మీట నొక్కాడు. ఆ మీట నొక్కితే రెండు పెట్టెల్లోనూ మొత్తం పాట వస్తుంది. ముప్పై ఆరేళ్లుగా ఆ మీట అక్కడే ఉన్నది. నేను దాన్ని లోపం కింద లెక్కగట్టి ఎన్నడూ తాకలేదు. ఒక పెట్టె ఆమె తల దగ్గర మూడడుగుల దూరంలో, ఒకటి నా ఎడమ చెవి వైపు. శబ్దం మునుపటిలో సగం కూడా అక్కరలేదు. మొదటి రోజు వీణ ఉన్న పాటే పెట్టాను. పాట అయ్యేదాకా ఏమీ అనలేదు. అయ్యాక, "ఇంకోసారి వేయండి" అన్నది.

ఇప్పుడామె చేతికర్ర పట్టుకుని నడుస్తున్నది. పెట్టె మళ్లీ వంటింటి గుమ్మం మీదకు చేరింది. సుద్ద గుర్తులు తుడిచేశాను.

సభ్యులకు మనవి

ఇంట్లో టీవీ గాని, రేడియో గాని, పాటల పెట్టె గాని సరిగా వినపడకపోతే శబ్దం పెంచే ముందు దానిని దగ్గరకు తెచ్చుకోండి. దూరం సగమైతే నేరుగా వచ్చే శబ్ద తీవ్రత నాలుగింతలవుతుంది. గదిలో మందపాటి పరదాలు, నేల మీద జంపఖానా వేయండి. స్పీకరు ముఖం వినేవారి వైపు ఉండాలి, చెవి ఎత్తున ఉండాలి. గోడ మూలన ఇరికించవద్దు. ఒక పక్కే వినపడుతున్నదనిపిస్తే తీగలు మార్చి చూడండి, అప్పటికీ మారకపోతే, పెట్టెలు రెండూ బాగానే ఉంటే, చెవి డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఒక చెవి తగ్గినవారు మోనో వినడంలో నామోషీ లేదు.

మన సంఘ భవనంలో కూడా లౌడు స్పీకరు వేదిక వెనుక మూలన ఉన్నది. వెనుక వరుసల వారికి ప్రతి సమావేశంలోనూ గోల తప్ప మాట అందడం లేదు. దానిని హాలు మధ్యకు మార్చి, పక్క గోడలకు పరదాలు కట్టించవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. పరదాలకు నా వంతు చందా ఈ వ్యాసంతో పాటు పంపుతున్నాను.

చివరిగా ఒక మాట. ఇంట్లో ఏ వస్తువుకైనా చోటు నిర్ణయించే ముందు, ఆ చోటుకు గోడ అవతల ఎవరున్నారో చూడండి, వారినీ ఒక మాట అడగండి. నేను అడగడానికి ముప్పై ఆరేళ్లు పట్టింది. మీకు అంత జాప్యం కాకూడదని ఈ నాలుగు ముక్కలు రాశాను.

సెలవు.

— ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, మచిలీపట్నం